వేడి చేసిందంటే సరిపోదు
మిర్చి కోతల వేళ మూత్ర వ్యాధులు.. గ్రామ ఆరోగ్య కేంద్రంలో నర్సు వేసే ప్రశ్నలే కీలకం

సంక్రాంతి వెళ్లిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలు ఎరుపెక్కుతాయి. పత్తి తీతలు ఒక కొలిక్కి వస్తుండగానే మిర్చి కోతలు ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతాయి. తెల్లవారకముందే క్యారేజీలు కట్టుకుని ఆటోల్లో చేలకు చేరే మహిళా కూలీలు పొద్దు వాలేవరకు వంచిన నడుము ఎత్తరు. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో ఒక మాట తరచుగా వినిపించేదీ ఈ నెలల్లోనే. ‘వేడి చేసింది సిస్టరమ్మా, చలవకు ఏదైనా బిళ్ల ఇవ్వు’.

ఒంటికి వెళ్లినప్పుడు మంట పుట్టినా వేడే. డొక్కలో పోటు వచ్చినా వేడే. మూత్రం ఎర్రగా వచ్చినా, తెల్లబట్ట అవుతున్నా వేడే. సిగ్గు కొద్దీ అలవాటైన ఈ ఒక్క మాట చాటున కనీసం అరడజను వ్యాధులు దాగి ఉంటాయి. వాటిలో కొన్ని రెండు చెంబుల మజ్జిగతో సర్దుకుంటాయి. కొన్నింటికి అయిదు రోజుల మందు చాలు. ఒకటి రెండింటికి మాత్రం గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరగాలి. ఏది ఏదో వేరు చేయవలసిన మొదటి వ్యక్తి పట్నంలోని డాక్టరు కాదు, ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న నర్సు.

నర్సు చేతికి వచ్చిన బాధ్యత

ఉప కేంద్రాల్లో టీకాలు, గర్భిణుల నమోదుకే పరిమితమైన సేవలను విస్తరించి, ప్రాథమిక చికిత్స చేయగల నర్సులను అక్కడ నియమించాలన్న ఆలోచనకు 2018లో ఆయుష్మాన్ భారత్‌తో రూపం వచ్చింది. రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీలుగా పిలిచే ఈ సిబ్బంది నర్సింగ్ పట్టభద్రులు. మందుల విషయంలో సందేహం వస్తే 2019 నవంబరులో మొదలైన ఈ-సంజీవని ద్వారా తెరపైనే డాక్టరును సంప్రదించే వీలుంది. డాక్టరే పల్లెకు వచ్చి చూసే ‘ఫ్యామిలీ డాక్టర్’ కార్యక్రమాన్ని 2023 ఏప్రిల్ 6న అప్పటి ప్రభుత్వం ప్రారంభించిందీ మిర్చి, పత్తి పండే చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలోనే.

నర్సే మొదట పరీక్షించి చికిత్స మొదలుపెట్టే పద్ధతి ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి 1965లోనే ‘నర్స్ ప్రాక్టీషనర్’ శిక్షణకు శ్రీకారం చుట్టారు. అక్కడ పలు రాష్ట్రాల్లో వారు స్వయంగా మందులు రాస్తారు. ఇక్కడి నర్సు నిర్దేశిత మార్గదర్శకాలకు, వైద్యాధికారి సలహాకు లోబడి పనిచేయాలి. అధికారంలో తేడా ఉన్నా, రోగిని అడగవలసిన ప్రశ్నల్లో తేడా లేదు.

చేలో దాహం, గట్టు మీద సిగ్గు

కోత కూలీ చాలాచోట్ల కిలోల లెక్కన ఉంటుంది. నీళ్లకు గట్టు దాకా వెళ్లి వస్తే ఆ మేరకు కాయ తగ్గుతుంది. తాగితే మళ్లీ ఒంటికి వెళ్లవలసి వస్తుంది. చుట్టూ చదును నేల, చెట్టు చాటు ఉండదు, పక్క సాలులో మగవారు ఉంటారు. అందుకే ఉదయం ఇంట్లో బయలుదేరిన మనిషి సాయంత్రం ఇల్లు చేరేదాకా బిగపట్టుకునే ఉంటుంది. దాహం వేసినా గుక్కెడు నీటితో గొంతు తడుపుకుని ఊరుకుంటుంది.

స్త్రీలలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. పురుషుల్లో అది సుమారు ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. పేగుల్లో నివసించే ఈ.కొలై సూక్ష్మజీవి ఆ కొద్ది దూరం పాకి మూత్రాశయం చేరడం సులువు. తరచుగా మూత్రం వెళ్లేవారిలో అది ధారతో పాటు కొట్టుకుపోతుంది. గంటల తరబడి నిల్వ ఉంటే అక్కడే సంతతిని పెంచుకుంటుంది. మంట, మాటిమాటికి వెళ్లాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపు బరువు ఈ ఇన్‌ఫెక్షన్ లక్షణాలు.

మిర్చి చేలలో మరో తిరకాసు ఉంది. కాయలు తెంపిన చేతులతోనే శుభ్రం చేసుకుంటే ఘాటు చర్మానికి అంటి భగ్గుమంటుంది. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. మంట పైన చర్మం మీదా, లోపల ధార వచ్చే దారిలోనా అని నర్సు ఒక్క ప్రశ్న అడిగితే సగం సంగతి తేలిపోతుంది. మిరప ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకు ముందు కాస్త వంటనూనె రుద్ది, ఆపై సబ్బుతో కడగాలి. ఈ సంగతి తెలిసిన పెద్దమ్మలు ప్రతి ముఠాలోనూ ఉంటారు. తెలియనిది కొత్తగా కోతకు వచ్చిన ఆడపిల్లలకే.

మంటతో పాటు తెల్లబట్ట, దురద, దుర్వాసన ఉంటే అది మూత్రాశయానిది కాక జననాంగాల ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. దాని మందు వేరు, అవసరమైతే భర్తకు కూడా చికిత్స చేయాలి. మధుమేహానికి ఈ మధ్య విరివిగా వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రంలోకి చక్కెరను పంపిస్తాయి. వాటివల్ల కొందరికి జననాంగాల వద్ద ఫంగస్ పట్టి దురద వస్తుంది. రోగి వాడుతున్న మందుల చీటీ చూడకుండా ‘వేడి’కి బిళ్ల ఇవ్వడం తగదనడానికి ఇదొక ఉదాహరణ.

పట్టీ రంగు చూసేముందు

మూత్రంలో ముంచి రంగు చూసే పరీక్ష పట్టీ చవకైన సాధనం. దాన్ని సరిగ్గా వాడడంలోనే నేర్పు ఉంది. మొదట వచ్చే కాస్త మూత్రం వదిలేసి మధ్యధారను శుభ్రమైన సీసాలో పట్టించాలి. పట్టీల డబ్బా మూత తెరిచి ఉంచితే గాలిలో తేమకు అవి పాడై తప్పుడు ఫలితం చూపుతాయి. సూక్ష్మజీవులను సూచించే నైట్రైట్ గడి రంగు మారాలంటే మూత్రం సుమారు నాలుగు గంటలు మూత్రాశయంలో ఉండాలి. అర గంటకోసారి వెళుతున్న మనిషిలో అది మారకపోవచ్చు. అంతమాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చరాదు.

సాధారణ మహిళకు తొలిసారి వచ్చిన మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటాయిన్ అయిదు రోజులు లేదా ఫాస్ఫోమైసిన్ ఒకే మోతాదు ప్రస్తుతం ముందు వరుసలో ఉన్న మందులు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు నైట్రోఫ్యూరాంటాయిన్ పనికిరాదు. మందుల దుకాణంలో అడగ్గానే దొరికే సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్‌లకు మన దేశంలోని ఈ.కొలై చాలావరకు లొంగడం మానేసింది. రెండు పూటలు వేసుకుని మంట తగ్గగానే మానేసే అలవాటూ అందుకు ఒక కారణం.

అందరికీ ఇదే వైద్యం కుదరదు. పురుషులు, పిల్లలు, గర్భిణులు, ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు బాధపడినవారికి మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్ పరీక్షకు పంపాలి. నమూనా రెండు గంటల్లో ప్రయోగశాలకు చేరాలి, లేదంటే చల్లగా ఉంచాలి. మార్చి ఎండలో ద్విచక్ర వాహనం డిక్కీలో మధ్యాహ్నం దాకా తిరిగిన సీసాలో సూక్ష్మజీవులు వాటంతటవే పెరిగి లేని రోగాన్ని చూపుతాయి. అలాగని టీకాల శీతల పెట్టెలో పెట్టరాదు, దానికి వేరే ఐస్ డబ్బా కావాలి. చీముకణాలు కనిపిస్తున్నా కల్చర్‌లో ఏమీ పెరగకపోవడం పదేపదే జరిగితే మూత్రకోశ క్షయను అనుమానించాలి. ఇక చలిజ్వరం, వాంతులు, డొక్క నొప్పి ఉంటే సూక్ష్మజీవి కిడ్నీ దాకా పాకినట్టే లెక్క. ఆ రోగిని ఇంటికి పంపకూడదు.

చెప్పని గర్భిణి

గర్భిణుల్లో నూటికి రెండు నుంచి పది మందికి మూత్రంలో సూక్ష్మజీవులు ఉన్నా మంట గానీ నొప్పి గానీ తెలియదు. ఇతరుల్లో ఇలాంటిదానికి మందే అక్కర్లేదు. గర్భిణిలో వదిలేస్తే మాత్రం వందలో ముప్పై మంది వరకు కిడ్నీ ఇన్‌ఫెక్షన్ బారిన పడే ప్రమాదం ఉంది, నెలలు నిండకుండా కాన్పు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. అందుకే బాధ చెప్పకపోయినా గర్భిణికి మూత్రపరీక్ష చేయాలంటారు. సూక్ష్మజీవులున్నట్టు తేలితే ఏడు రోజుల మందు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది.

ఈ నియమానికి చిక్కనివారు వలస కూలీలే. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిర్చి కోతలకు తరలివచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. వారిలో గర్భిణుల పేర్లు సొంత ఊరి రిజిస్టరులో ఉంటాయి, మనుషులు ఇక్కడ ఉంటారు. కేంద్రానికి వచ్చేదాకా ఆగకుండా ఆశా కార్యకర్తతో కలిసి గుడారాల దగ్గరకే వెళ్లడం తప్ప మరో దారి లేదు.

నొప్పి బిళ్ల చేసే చేటు

మిర్చి, పత్తి చేలలో కిడ్నీకి అసలు శత్రువు మంట కాదు, సాయంత్రం వేసుకునే నొప్పి బిళ్ల. వంగి వంగి నడుము పట్టేసిన కూలీ ఇంటికి వెళుతూ దుకాణంలో డైక్లోఫెనాక్ కలిసిన మాత్ర కొనుక్కుంటుంది. కొందరు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. పగలంతా నీరు తగ్గిన శరీరంలో కిడ్నీకి రక్తప్రసరణ అసలే తక్కువగా ఉంటుంది. ఆ స్థితిలో దాన్ని కాపాడే రసాయనాలను ఈ బిళ్ల అడ్డుకుంటుంది. ఆ వ్యక్తి రక్తపోటుకు టెల్మిసార్టాన్, దానితో కలిపి హైడ్రోక్లోరోథయజైడ్ వంటి నీరు తీసే మందు వాడుతుంటే ముప్పు మూడింతల ముడిగా మారుతుంది. ఒక్క వారంలోనే కిడ్నీ పని మందగించవచ్చు.

అవే రక్తపోటు మాత్రలను నెలనెలా ఇచ్చేది గ్రామ ఆరోగ్య కేంద్రమే గనుక, నొప్పి బిళ్లల సంగతి అక్కడే అడగాలి. ‘మందులేమైనా వాడుతున్నారా’ అంటే లేదనే జవాబు వస్తుంది. నొప్పి బిళ్లను ఎవరూ మందుగా లెక్కపెట్టరు. ‘ఒళ్లు నొప్పులకు ఏం వేసుకుంటారు’ అని అడగాలి. నొప్పికి పారాసిటమాల్ తగిన మోతాదులో మేలు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో రక్తపోటు మాత్ర కొనసాగించాలా అన్నది వైద్యాధికారిని అడిగి తేల్చాలి.

కిడ్నీ సగం దెబ్బతినేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు, మనిషికి బాధా తెలియదు. మూత్రంలో ఆల్బుమిన్ కనిపించడం అంతకంటే ముందు వచ్చే హెచ్చరిక. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగాలు రాష్ట్రమంతటికీ తెలుసు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోత కూలీలకూ మధుమేహం, రక్తపోటు లేకుండానే కిడ్నీలు దెబ్బతినడం చూసి, అక్కడ పనిమధ్యలో నీరు, నీడ, విశ్రాంతి ఇచ్చే ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఎండలో పనిచేసేవారు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీరు తాగాలన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల సూచన. మిర్చి చేలో ఇది కూలీ ఒక్కరి చేతిలో లేదు. నీళ్ల బిందెను గట్టు మీద కాక సాలు మధ్యకు తెప్పించడం రైతు, మేస్త్రీ అనుకుంటే అయ్యే పని.

ప్రకాశం పశ్చిమాన నీటి సంగతే వేరు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1937లోనే, ఆ జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను షార్ట్ బృందం వెల్లడించింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదు. శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌ను బయటకు పంపేది కిడ్నీలే. అవి బలహీనపడితే అది ఎముకల్లో మరింత పేరుకుంటుంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. అక్కడి రోగికి ‘నీళ్లు బాగా తాగు’ అని చెప్పడంతో పాటు ఏ నీళ్లో కూడా చెప్పాలి. కాళ్లు వాచిన కిడ్నీ రోగికి, గుండె జబ్బు ఉన్నవారికి ఆ సలహా అసలే ఇవ్వకూడదు. వారికి నీటి పరిమాణం డాక్టరు నిర్ణయించాలి.

రాయి, రక్తం

డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే మెలిపెట్టే పోటు, వాంతులు, నిలకడగా కూర్చోలేకపోవడం కిడ్నీ రాయి లక్షణాలు. అయిదు మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కొండపిండి ఆకు, అరటి దూట రసం, ఉలవ కషాయం గురించి ప్రతి ఊళ్లోనూ కథలు ఉన్నాయి. రాయి పడిపోయిన ఘనతలో కొంత వాటితో పాటు తాగిన నీటిదీ, రాయి చిన్నదై ఉండటానిదీ. వాటి మీద నమ్మకంతో స్కానింగ్ మానేయడమే ప్రమాదం. పాలు మానేయాలన్న ప్రచారం కూడా తప్పు. ఆహారంలో కాల్షియం మరీ తగ్గితే పేగులు ఆక్సలేట్‌ను ఎక్కువగా పీల్చుకుని రాళ్లు పెరుగుతాయి. తగ్గించవలసింది ఉప్పు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగాలి. రాయి ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగరాదు. అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే ప్రాణాపాయం. 108ని పిలిచి గుంటూరు లేదా ఒంగోలు సర్వజన ఆసుపత్రికి పంపాలి.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రెండు రోజులకు అదే ఆగిపోతుంది, మజ్జిగే తగ్గించిందనుకుంటారు. నిజానికి నొప్పి లేని రక్తమే ఎక్కువ భయపెట్టాలి. మూత్రాశయ క్యాన్సర్ తొలి సూచన తరచుగా అదే, దానికి ప్రధాన కారణం పొగాకు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉన్న, పొగాకు పండించి బతికే ఈ ప్రాంతంలో చుట్ట, బీడీ తాగే నడివయసు వ్యక్తికి ఒక్కసారి రక్తం పడినా స్కానింగ్, మూత్రాశయంలోకి గొట్టంతో చూసే పరీక్ష అవసరం. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా మూత్రాన్ని ఎర్రగా మారుస్తుంది. మందు మొదలుపెట్టిన రోజే ఆ మాట చెబితే రోగి భయపడి మానేయడు.

మగవారి మౌనం

యాభై దాటిన రైతు రాత్రి నాలుగైదుసార్లు లేచినా, ధార సన్నబడినా వయసు మీద పడిందనుకుంటాడు. ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది. టామ్సులోసిన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో లేవగానే కళ్లు తిరగవచ్చు, పడుకునే ముందు వేసుకుని నెమ్మదిగా లేవమనాలి. అలాంటివారు జలుబుకు దుకాణంలో కొన్న మాత్ర వేసుకుంటే ఒక్కసారిగా నీరుకట్టు పడవచ్చు. పొత్తికడుపు ఉబ్బి చుక్క రాని స్థితిలో శుభ్రత పాటిస్తూ, మత్తు జెల్లీ వాడి గొట్టం వేయడం శిక్షణ పొందిన నర్సు చేయగల పని. అడ్డు తగిలితే బలవంతం చేయరాదు. దెబ్బ తగిలి మూత్రద్వారం వద్ద రక్తం కనిపిస్తే గొట్టం జోలికే వెళ్లకూడదు.

పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య కుర్రవాడు హఠాత్తుగా పొత్తికడుపు నొప్పి, వాంతులంటూ వస్తే బట్ట తొలగించి చూడాలి. వృషణం మెలిపడితే ఆరు గంటల్లో శస్త్రచికిత్స జరగాలి. తర్వాత దాన్ని కాపాడే అవకాశం గంటగంటకూ తగ్గుతుంది. తల్లి ముందు చెప్పడానికి సిగ్గుపడి ‘కడుపునొప్పి’ అనడంతో ఆ గంటలు కాస్తా గడిచిపోతాయి.

బరువెత్తినా, దగ్గినా మూత్రం కారిపోవడం మహిళలు అసలే చెప్పని బాధ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తొలగించుకున్నవారి శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. 15-49 ఏళ్ల మహిళల్లో అది దాదాపు తొమ్మిది శాతం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను రోజూ మూడు పూటలా బిగించి వదిలే వ్యాయామం కనీసం మూడు నెలలు చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. మందు ఖర్చు లేదు, నేర్పడానికి పది నిమిషాలు చాలు. తలుపు వేసి ఉన్న గది మాత్రం కావాలి.

ఈ కేసుల్లో నర్సు రాసి పంపే చీటీలో పేరు, వయసుతో పాటు జ్వరం, రక్తపోటు, పట్టీ ఫలితం, ఇచ్చిన మందు, అది ఇచ్చిన వేళ ఉంటే పెద్దాసుపత్రిలో మొదటి గంట వృథా కాదు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ముఠా మరో ఊరి చేలోకి మారిపోతుంది. అందుకే వలస కూలీ చీటీ మీద సొంత ఊరి పేరు పక్కన మేస్త్రీ ఫోన్ నంబరు కూడా రాసి ఉంచుకోవాలి.